టర్బో పోయిందా, పోగొట్టారా?

1952లో అమెరికాలోని ఇండియానాపొలిస్ 500 రేసుకు కమిన్స్ కంపెనీ ఒక డీజిల్ కారును తెచ్చింది. డీజిల్ ఇంజనంటే లారీలకూ ట్రాక్టర్లకూ తప్ప పనికిరాదని అందరూ అనుకునే కాలమది. లారీ ఇంజను వంశంలోనే పుట్టిన ఆ ఇంజనుకు టర్బోచార్జర్ తగిలించారు. ఫ్రెడ్ అగబాషియన్ నడిపిన ఆ కారు క్వాలిఫయింగ్‌లో గంటకు సుమారు 222 కిలోమీటర్ల సగటు వేగంతో పెట్రోలు కార్లన్నిటినీ దాటి మొదటి స్థానం సంపాదించింది. అసలు రేసులో మాత్రం 71వ ల్యాపుతో దాని పని అయిపోయింది. టర్బో గాలి పీల్చే ద్వారాన్ని కారు ముందు భాగంలో, కిందుగా పెట్టారు. ట్రాక్ మీద టైర్లు అరిగి లేచిన రబ్బరు తునకలు ఆ ద్వారానికి పట్టేశాయి. గాలి అందని ఇంజను ఆగక తప్పలేదు.

ఆ ఓటమిని టర్బో ఖాతాలో రాయటం తేలిక. పోయింది టర్బోయే, పోగొట్టింది మాత్రం బయటి చెత్త. ఏడెనిమిది లక్షల కిలోమీటర్లు తిరిగిన లారీ విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ముందు ఆగి, “పుల్లింగ్ లేదు, పొగ కొడుతోంది, టర్బో మార్చాలా?” అని ఓనర్ అడిగినప్పుడు కూడా మొదట తేల్చుకోవాల్సింది ఇదే. టర్బో నిజంగా చచ్చిందా? చస్తే, చంపిందెవరు? ఈ రెండింటికీ జవాబు దొరక్కుండా కొత్తది బిగిస్తే పాత రోగం కొత్త టర్బోకు అంటుకుంటుంది.

పొగలో పోయే శక్తి

డీజిల్‌ను కాల్చగా పుట్టే వేడిలో దాదాపు మూడో వంతు సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. ఆ వేడి వాయువుతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీదున్న ఇంకో చక్రంతో ఇంజనులోకి గాలిని నొక్కి పంపవచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లో పేటెంటు నమోదు చేశాడు. 1920లలో అది ఓడల ఇంజన్లకెక్కింది. 1938లో స్విస్ కంపెనీ సౌరర్ దాన్ని లారీ ఇంజనుకు తెచ్చింది.

గాలిని నొక్కి పంపటం దేనికంటే, ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలటానికి లెక్క ప్రకారం దాదాపు 14.5 కిలోల గాలి కావాలి. పొగ రాకుండా కాలాలంటే అంతకంటే బాగా ఎక్కువే కావాలి. ఆరు లీటర్ల ఇంజను నిమిషానికి 2400 చుట్లు తిరిగేటప్పుడు తనంతట తాను పీల్చగలిగేది 7200 లీటర్ల గాలి మాత్రమే. టర్బో ఆ గాలిని వాతావరణ పీడనానికి రెండున్నర రెట్లు నొక్కితే, నొక్కుడు వల్లనే గాలి 150 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. వేడి గాలి పల్చన. అందుకే రేడియేటర్ ముందుండే ఇంటర్‌కూలర్‌లో దాన్ని చల్లబరిచి సిలిండర్లలోకి పంపుతారు. అప్పుడు అదే సిలిండరులో మామూలుగా పట్టే గాలికి రెండింతలకు పైగా పడుతుంది. ఆ మేరకు ఎక్కువ డీజిల్ కాల్చవచ్చు, ఎక్కువ లోడు లాగవచ్చు.

అంటే లారీ పుల్లింగ్ టర్బో ఒక్కదాని చేతిలో లేదు. ఎయిర్ ఫిల్టర్, హోస్ పైపులు, ఇంటర్‌కూలర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, సైలెన్సర్ అన్నీ కలిసి ఒకే గాలిదారి. ఆ దారిలో ఎక్కడ చిల్లు పడ్డా, ఎక్కడ అడ్డం పడ్డా డ్రైవరుకు కనిపించే లక్షణాలు ఒకటే.

నూనె మీద తేలే ఇరుసు

టర్బో ఎందుకంత సున్నితమో తెలియాలంటే వేగం లెక్క చూడాలి. 80 మిల్లీమీటర్ల వ్యాసమున్న కంప్రెసర్ చక్రం నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతోందనుకుందాం. లారీ టర్బోకు ఇది మామూలు వేగమే. అప్పుడు చక్రం అంచు గంటకు 1500 కిలోమీటర్ల వేగంతో, ధ్వనిని మించి పోతుంటుంది. ఆ అంచు మీది ఒక గ్రాము లోహాన్ని బయటికి లాగే బలం దాదాపు 450 కిలోల బరువుతో సమానం. వేగం పది శాతం పెరిగితే ఆ బలం ఇరవై ఒక్క శాతం పెరుగుతుంది. ఇక అవతలి చివరనున్న టర్బైన్ చక్రం లోడు మీద ఆరేడు వందల డిగ్రీల వేడి వాయువులో తిరుగుతుంది. అందుకే దాన్ని నికెల్ మిశ్రలోహంతో పోతపోస్తారు. గాలి వైపు చక్రం సాధారణంగా అల్యూమినియం.

ఇంత వేగంతో తిరిగే ఇరుసును చాలా లారీ టర్బోలలో బాల్ బేరింగులు మొయ్యవు. మెకానిక్కులు బుష్‌లనే చిన్న గొట్టాలు మోస్తాయి. బుష్‌కూ ఇరుసుకూ మధ్య ఒక నూనె పొర, బుష్‌కూ హౌసింగ్‌కూ మధ్య ఇంకో నూనె పొర ఉంటాయి. బుష్ కూడా ఆ నూనెలో తేలుతూ, ఇరుసు కంటే నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది. పొర మందం తల వెంట్రుక కంటే తక్కువ. అయినా అంతా సవ్యంగా ఉన్నప్పుడు లోహానికి లోహం తగలదు. తగలనప్పుడు అరుగుదల దాదాపు ఉండదు. ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే పని థ్రస్ట్ బేరింగ్‌ది. అదీ నూనె పొర మీదే బతుకుతుంది.

నూనె చక్రాల వైపు పోకుండా ఆపేవి రబ్బరు సీళ్లు కావు. పిస్టన్ రింగుల్లాంటి సన్నటి లోహపు రింగులు. అవి పూర్తిగా మూసివేసే బిరడాలు కావు. చక్రాల వైపున్న గాలి పీడనం లోపలికి నెడుతుంటే, నూనె తన బరువుతో తాను కింది పైపు గుండా ఇంజను అడుగునున్న ఆయిల్ చాంబరులోకి జారిపోతుంటేనే అవి నూనెను ఆపగలవు. ఈ చివరి సంగతి గుర్తుంచుకుంటే, టర్బోల మీద పడే అన్యాయపు నిందలు సగం తొలగిపోతాయి.

కిలోమీటర్లు చెప్పనిది

ఇన్ని లక్షల కిలోమీటర్లకు టర్బో మార్చాలి అనే లెక్క వినటానికి బాగుంటుంది. కానీ టర్బో ఆయుష్షును తినేవాటిలో దూరం చాలా చిన్నది.

మొదటిది లోహపు అలసట. యాక్సిలరేటర్ తొక్కి వదిలిన ప్రతిసారీ చక్రం వేగం పెరిగి తగ్గుతుంది, దాని లోపలి లాగుడు బలమూ పెరిగి తగ్గుతుంది. ఇలా వేలసార్లు, లక్షలసార్లు జరిగితే లోహంలో సన్నటి పగులు పుడుతుంది. ఉక్కుకు ఫలానా బలానికి లోపల ఎన్నిసార్లు వంచినా పగలదనే హద్దు ఒకటి ఉంటుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. కోల్‌కతా–చెన్నై జాతీయ రహదారి మీద గంటల తరబడి ఒకే వేగంతో పోయే లారీలో ఈ ఎగుడుదిగుళ్లు తక్కువ. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో రోజంతా గుంటలోకి దిగుతూ, లోడుతో పైకి ఎక్కుతూ ఉండే టిప్పర్‌లో చాలా ఎక్కువ. రెండు లక్షల కిలోమీటర్ల టిప్పర్ టర్బో ఎనిమిది లక్షల కిలోమీటర్ల లారీ టర్బో కంటే ముసలిదై ఉండవచ్చు. ఈ అలసట బాధ వల్లనే కొన్ని భారీ ఇంజన్లకు కంపెనీలు ఖర్చుకు వెరవకుండా టైటానియం కంప్రెసర్ చక్రాలు తెచ్చాయి.

రెండోది నూనె. సకాలంలో మార్చని నూనెలో మసి పేరుకుంటుంది. మూసుకుపోయిన ఫిల్టర్‌ను బైపాస్ వాల్వు దాటించి మురికి నూనెనే పంపుతుంది. నూనె పొర కంటే పెద్ద రేణువు ఒకటి బుష్‌లోకి వస్తే ఇరుసు మీద గీత పడుతుంది. చలిలో ఇంజను స్టార్ట్ చేసిన వెంటనే రేజ్ చేసినా ముప్పే. నూనె టర్బో దాకా చేరేలోపే ఇరుసు పరుగందుకుంటుంది.

మూడోది వేడి మీద ఆపటం. శ్రీశైలం ఘాట్ ఎక్కించి, పైకి రాగానే తాళం తిప్పేస్తే నూనె పంపు ఆగిపోతుంది. టర్బైన్ హౌసింగ్‌లోని వేడి మాత్రం ఇరుసు వెంట నెమ్మదిగా బుష్‌ల వైపు పాకుతుంది. అక్కడ నిలిచిపోయిన నూనె మాడి గట్టి బొగ్గుగా మారుతుంది. రెండుమూడు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి ఆపితే ఈ బెడద ఉండదు. ఇద్దరు డ్రైవర్ల చేతిలో రెండు ఒకే రకం లారీల టర్బోలు వేర్వేరు కాలాలు బతకటానికి ఈ అలవాటొక్కటే చాలు.

నాలుగోది దుమ్ము. ఎయిర్ ఫిల్టర్‌ను కొత్తది వెయ్యకుండా కంప్రెసర్ గాలి కొట్టి మళ్లీమళ్లీ బిగిస్తే దాని కాగితంలో కంటికి కనపడని చిల్లులు పడతాయి. ఆ చిల్లుల గుండా వచ్చిన ఇసుక రేణువులు చక్రపు రెక్కల అంచుల్ని అరగదీస్తాయి. టర్బో పోయేసరికి పిస్టన్ రింగులూ అరిగే ఉంటాయి.

నింద ఒకరిది, నేరం ఒకరిది

పుల్లింగ్ తగ్గి నల్లపొగ వస్తోందంటే డీజిల్‌కు తగ్గ గాలి అందటం లేదని అర్థం. గాలి ఎందుకు అందటం లేదో పొగ చెప్పదు. మొదట చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్. తరవాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కూ, అక్కణ్ణుంచి ఇంజనుకూ పోయే హోస్‌లు, వాటి క్లిప్పులు. లోడు మీద హోస్ ఉబ్బినప్పుడే తెరుచుకునే పగుళ్లు ఉంటాయి. ఆగి ఉన్న బండిలో అవి కనపడవు. ఇంటర్‌కూలర్ రెండు కొసలూ మూసి, కంపెనీ చెప్పిన మేరకే గాలి నింపి, సబ్బు నీళ్లు పూసి చూడాలి. సైకిల్ షాపులో ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు వెతికినట్టే ఇదీ. లీకున్న బండిలో టర్బో బాగానే ఉంటుంది. కానీ పోయిన గాలిని భర్తీ చెయ్యటానికి అది తన హద్దు మించి తిరుగుతుంటుంది. ఇరవై ఒక్క శాతం లెక్క ఇక్కడ పనికొస్తుంది. వందల రూపాయల హోస్ మార్చని బండి వేల రూపాయల టర్బోను తినేది ఇలాగే.

ఎగ్జాస్ట్ వైపు కూడా అంతే. మానిఫోల్డ్ పగిలినా, గ్యాస్కెట్ పోయినా వాయువు చక్రాన్ని తిప్పకుండానే బయటికి పోతుంది. మసి చారలు ఆ చోటును పట్టిస్తాయి. వాయువును చక్రం పక్కనుంచి మళ్లించే వేస్ట్‌గేట్ తెరుచుకుని ఇరుక్కుపోతే బూస్ట్, అంటే టర్బో ఇచ్చే గాలి పీడనం, లేవదు. రెక్కల కోణాన్నో నాజిల్ వెడల్పునో మార్చుకునే వేరియబుల్ జామెట్రీ టర్బోలలో మసి పట్టి ఆ కదలిక బిగుసుకుపోతుంది. ఒక్కోసారి దాన్ని నడిపే యాక్చువేటరే చెడుతుంది. బిఎస్6 బండ్లలో సైలెన్సర్ వైపున్న మసి ఫిల్టర్ పూడుకుపోయినా టర్బో సరిగా తిరగదు. ఇవేవీ ఇరుసు, బుష్‌ల జబ్బులు కావు.

నీలిపొగ, నూనె మరకలు ఇంకా ఎక్కువ మోసం చేస్తాయి. హోస్ విప్పగానే లోపల నూనె కనిపిస్తే “టర్బో ఆయిల్ కొడుతోంది” అని తీర్పు ఇచ్చేస్తారు. పలచటి నూనె పొర చాలా ఇంజన్లలో మామూలే, చాంబరులోని వాయువును బయటికి వదిలే బ్రీతర్ గుండా వచ్చే ఆవిరే దానికి కారణం. నూనె నిలిచి ఉంటే మాత్రం ఆలోచించాలి. లక్షల కిలోమీటర్లు తిరిగి బోరుకొచ్చిన ఇంజనులో మండిన వాయువు పిస్టన్ రింగుల పక్కనుంచి చాంబరులోకి దిగుతుంది. దీన్నే బ్లోబై అంటారు. చాంబరులో పీడనం పెరిగితే టర్బో నుంచి కిందికి జారాల్సిన నూనె జారదు. వెనక్కి నిలిచి, లోహపు రింగుల్ని దాటి చక్రాల వైపు పోతుంది. నూనె తిరిగొచ్చే పైపు నొక్కుకుపోయినా, బొగ్గుతో పూడినా జరిగేది ఇదే. ఎయిర్ ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోతే కంప్రెసర్ ముందు పీల్పు పెరిగి నూనెను లాగుతుంది. గంటల కొద్దీ ఐడ్లింగ్‌లో ఉంచిన బండిలోనూ నూనెను ఆపే గాలి పీడనం ఉండదు.

అందుకని నూనె కనిపించినప్పుడు ఆయిల్ మూత తీసి చూడాలి. ఇంజను నడుస్తుంటే అక్కణ్ణుంచి బలంగా వాయువు కొడుతుంటే, బ్రీతర్ శుభ్రంగా ఉండి కూడా అలాగే ఉంటే, జబ్బు ఇంజనుది. సర్వీస్ పుస్తకంలో చెప్పిన పద్ధతిలో బ్లోబై కొలిస్తే అనుమానం తీరుతుంది. ఆ బండికి ఎంత మంచి టర్బో వేసినా కొద్ది రోజుల్లోనే అదీ ఆయిల్ కొడుతుంది.

వేలితో పరీక్ష, గేజితో తీర్పు

టర్బోనే అనుమానించాల్సి వస్తే ఇంజను ఆపి, చల్లారాక, గాలి వైపు హోస్ విప్పాలి. ఇంజను నడుస్తుండగా అక్కడ చెయ్యి పెట్టటం వేళ్లు పోగొట్టుకోవటమే.

మొదట కంటితో చూడాలి. కంప్రెసర్ రెక్కల కొసలు పదునుగా, ఒకేలా ఉండాలి. అంచులు గుండ్రంగా అరిగి ఉంటే దుమ్ము తిన్నట్టు. ఒకటి రెండు రెక్కలు వంగినా విరిగినా ఏదో గట్టి వస్తువు లోపలికి వెళ్లినట్టు. పని చేస్తూ మరిచిపోయిన వాషరో నట్టో అయి ఉండవచ్చు. హౌసింగ్ లోపలి గోడ మీద మెరిసే గీత ఉంటే చక్రం గోడకు రాసుకుంది.

తరవాత చక్రాన్ని వేలితో తిప్పాలి. పట్టేయకుండా తిరగాలి. తిప్పుతూనే ఒక పక్కకు నొక్కి, మళ్లీ ఎదుటి పక్కకు నొక్కి చూడాలి. ఇరుసు పక్కలకు కొంచెం ఆడుతుంది. చాలామంది పొరపడేది ఇక్కడే. ఆ ఆట రెండు నూనె పొరలకు వదిలిన చోటు. ఇప్పుడు నూనె లేదు కాబట్టి చేతికి తగులుతోంది. చాలా లారీ టర్బోలలో ఇరుసు కొన దగ్గర ఇది అర మిల్లీమీటరు దాకా ఉండటం దోషం కాదు. దోషమల్లా ఇరుసును నొక్కినప్పుడు చక్రం గోడను తాకటం.

ముందుకూ వెనక్కూ ఆడే ఆట సంగతి వేరు. అది సాధారణంగా మిల్లీమీటరులో దాదాపు పదో వంతును మించకూడదు. చేతికి స్పష్టంగా టక్ టక్ మని తెలుస్తుంటే థ్రస్ట్ బేరింగ్ అరిగినట్టే. ఈ కొలతలు చేత్తో అంచనా కట్టేవి కావు. డయల్ గేజి పెట్టి కొలిచి, ఆ మోడల్‌కు తయారీదారు ఇచ్చిన హద్దులతో పోల్చాలి. లక్షలు తిరిగిన బండికి ఈ కొలతను సర్వీసు సర్వీసుకూ రాసిపెట్టుకుంటే ఇంకా మంచిది. హద్దుకు లోపలే ఉన్నా, గత రెండు సర్వీసుల్లో ఆట వేగంగా పెరిగిందంటే అరుగుదల మొదలైందని తెలుస్తుంది. అప్పుడు దారిలో ఆగిపోకముందే, మనకు వీలైన రోజున మార్చుకోవచ్చు.

ఇక ఆలస్యం కూడదనే గుర్తులు

కొన్ని కనిపిస్తే చర్చ అనవసరం. రెక్క విరిగింది, వంగింది, పగిలింది. చక్రం హౌసింగ్‌ను తాకుతోంది. ముందువెనకల ఆట హద్దు దాటింది. ఇరుసు పట్టేసింది, లేదా వేడికి నీలి రంగు తిరిగింది. బ్లోబై, నూనె పైపు, ఫిల్టర్ అన్నీ బాగుండి కూడా నూనె కారుతోంది. మామూలు ఈల పోయి, వేగంతో పాటు పెరిగే సైరన్ లాంటి కూత వస్తోంది, హోస్‌లలో లీకు మాత్రం లేదు. వీటిలో ఏది తేలినా బండిని ఇంకో ట్రిప్పు తిప్పాలని చూడకూడదు.

ఎందుకంటే టర్బో పోతే నష్టం టర్బోతో ఆగదు. విరిగిన అల్యూమినియం ముక్కలు ఇంటర్‌కూలర్‌లోకి, అక్కణ్ణుంచి సిలిండర్లలోకి చేరతాయి. బిఎస్6 బండిలో నూనె ఎగ్జాస్ట్‌లోకి పోయి ఖరీదైన మసి ఫిల్టర్‌ను పాడుచేస్తుంది. అన్నిటికంటే భయంకరమైనది ఇంజను అదుపు తప్పటం. గాలి దారిలోకి కారిన నూనెనే ఇంజను డీజిల్‌లా కాల్చుకుంటుంది. యాక్సిలరేటర్ వదిలినా, తాళం తీసేసినా ఆగదు సరికదా, వేగం పెరుగుతూనే పోతుంది. అప్పుడు బ్రేకులు గట్టిగా పట్టి, పెద్ద గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజనును ఆపెయ్యాలి. అది కుదరకపోతే మనుషులు దూరంగా జరగటమే మేలు.

కొత్తది బిగించే ముందు

కొత్త టర్బో కొనాలా, ఇరుసూ చక్రాలూ బుష్‌లూ ఉండే మధ్య భాగం, అంటే కోర్, మాత్రం మార్చాలా, బుష్ కిట్ వేయించాలా అన్నది తరవాతి బేరం. ఒక గ్రాముకు 450 కిలోలనే లెక్క ప్రకారం అంచు మీద గ్రాములో పదో వంతు తేడా ఉన్నా ఇరుసును 45 కిలోల బలం చుట్టూతా గుంజుతుంది. అందుకే ఇరుసునూ చక్రాలనూ యంత్రం మీద బ్యాలెన్స్ చేస్తారు. చక్రం మీద, నట్టు మీద కనిపించే చిన్న చెక్కుళ్లు ఆ పనివే. బ్యాలెన్సింగ్ యంత్రం లేని చోట బల్ల మీద కిట్ వేయిస్తే వచ్చే లాభం స్వల్పం. యంత్రం ఉన్న చోట కోర్ మార్పించటం పాత బండికి న్యాయమైన మధ్యేమార్గం. రెక్కల కోణం మారే టర్బోలకు యాక్చువేటర్‌ను స్కానర్‌తో సెట్ చెయ్యగలిగిన షాపే కావాలి.

బిగించేటప్పుడు చేసే పొరపాట్లే కొత్త టర్బోలను మొదటి రోజే చంపుతాయి. నూనె, ఆయిల్ ఫిల్టర్ మార్చాలి. నూనె వచ్చే పైపును కడిగి వాడటం కంటే కొత్తది వెయ్యటం మేలు, లోపలి బొగ్గు కడిగితే పోదు. నూనె పైపు కలిసే చోట సిలికాన్ పేస్టు పూయకూడదు. గట్టిపడ్డ పేస్టు ముక్క ఒకటి విడివడితే నూనె రంధ్రం మూసుకుపోతుంది. ఇంటర్‌కూలర్‌లో పాత చక్రం ముక్కలు లేకుండా చూడాలి. టర్బోలో శుభ్రమైన నూనె పోసి, చేత్తో తిప్పి, అప్పుడే పైపు బిగించాలి. స్టార్ట్ చేశాక నూనె పీడనం నిలిచేదాకా ఐడ్లింగే, రేజ్ చెయ్యకూడదు.

వీటన్నిటికంటే ముందు తేలాల్సిన ప్రశ్న మొదటిదే. పాతది ఎందుకు పోయింది? బుష్‌లు గీతలు పడి ఉంటే నూనె మురికి. నీలిరంగు తిరిగి ఉంటే నూనె అందలేదు. నల్లటి బొగ్గు పేరుకుని ఉంటే వేడి మీద ఆపే అలవాటు. బుష్‌లకు గీత లేకుండా చక్రం మధ్యలోంచి చీలితే హద్దు మించిన వేగమో, లోహపు అలసటో. విప్పిన టర్బో తన చావుకు కారణాన్ని తన మీదే రాసుకుని ఉంటుంది. పాత ఇనుము వాడికి వేసే ముందు దాన్ని కోయించి చూడాలి. లాగ్‌బుక్‌లో కిలోమీటర్ల పక్కన ఆ కారణాన్ని కూడా రాయాలి. కారణం రాయని టర్బో బిల్లుకు సాధారణంగా ఇంకో బిల్లు తోడవుతుంది.